వాళ్లు యూరప్ చూసి వస్తున్నారు, నేను వాళ్ల ముఖం ఎలా చూడను?

ప్రశ్న: మేం నలుగురం కాలేజీ రోజుల నుంచి స్నేహితురాళ్లం. అందరికీ ముప్పై అయిదేళ్లు దాటాయి. ఏటా వాయిదా పడుతూ వచ్చిన యూరప్ యాత్ర ఈసారి కుదిరింది. పారిస్, స్విట్జర్లాండ్, మిలాన్, వెనిస్, రోమ్. ప్రణాళిక మొత్తం నేనే వేశాను. ఏ రోజు ఏ ఊళ్లో ఉండాలి, ఏ రైలు ఎక్కాలి, ఏ టికెట్ ఎంత ముందుగా తీసుకోవాలి అని రాత్రిళ్లు కూర్చుని చూసుకున్నాను. ప్రయాణానికి పది రోజుల ముందు ముగ్గురికీ వీసా వచ్చింది. నాకు రాలేదు. వాళ్లు నెలజీతం ఉద్యోగాల్లో ఉన్నారు. నేను ఇంటి నుంచి సొంతంగా డిజైన్ పనులు చేసుకుంటాను. గడువులోగా తిరిగి వెళ్తానన్న నమ్మకం కలగలేదన్న వాక్యం పక్కన టిక్ పెట్టి ఇచ్చారు.

వాళ్లను వెళ్లమని నేనే చెప్పాను. అయితే అప్పుడు ఒకామె "కాగితాలు సరిగ్గా పెట్టలేదేమో, ముందే చూసుకోవాల్సింది" అంది. ఆ మాట మరచిపోలేకపోతున్నాను. వెళ్లాక గ్రూపులో రోజూ ఫొటోలు పెట్టారు కానీ, నాకంటూ ఒక్కరూ ఫోన్ చేయలేదు. పారిస్‌లో రెండు రోజులుగా ఎడతెరిపి లేని వాన అని చదివి ఒక్క క్షణం సంతోషించాను. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. నలుగురి కోసం తీసుకున్న ఇళ్ల అద్దెలో నా వాటా ముందే కట్టాను. దాని ఊసు ఎవరూ ఎత్తడం లేదు. వాళ్లు ఈ ఆదివారం వస్తున్నారు. ఆ వచ్చే శనివారం అందరం కలిసి ఫొటోలు చూద్దామని, నాకు బోలెడు తెచ్చామని మెసేజ్ పెట్టారు. మా వారు "ఇక వదిలెయ్" అంటున్నారు. వెళ్తే అక్కడ ఏడుస్తానేమో. వెళ్లకపోతే కుళ్లు అనుకుంటారేమో. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ వాన సంగతి చెప్పుకుందాం. మీ ఉత్తరంలో మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతున్నది అదేనని నాకనిపించింది. వాళ్లకు కీడు జరగాలని మీరు కోరుకోలేదు. మీరు లేని ఆ ప్రయాణంలో ఏదో ఒకటి వెలితిగా ఉండాలని ఒక్క క్షణం ఆశపడ్డారు. మీరు లేని లోటు వాళ్లకు తెలిసిందో లేదో మీకు ఎవరూ చెప్పలేదు కదా. ఆ జవాబు మనుషుల నుంచి రానప్పుడు మనసు దాన్ని వానలోనైనా వెతుక్కుంటుంది. అంతమాత్రాన మీరు చెడ్డవారైపోరు. దానికి మిమ్మల్ని మీరు శిక్షించుకోవడం ఈ రోజే మానేయండి.

మీరు పోగొట్టుకున్నది ఒక సెలవు మాత్రమే అనుకునేవాళ్లకు, మీ వారితో సహా, ఒక విషయం తెలియాలి. ఇలాంటి యాత్రకు ప్రణాళిక వేసేవాళ్లు సగం యాత్ర ఇంట్లో కూర్చునే చేసేస్తారు. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవని, వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరని గుర్తుపెట్టుకుని రోజులు అటూ ఇటూ జరిపింది మీరే అయి ఉంటారు. వెనిస్‌లో కొన్ని రోజుల్లో పగటి సందర్శకుల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటారు. రాత్రి బస చేసేవాళ్లు అది కట్టనక్కర్లేదు కానీ ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. అలాంటి వివరం కూడా మీ పుస్తకంలో రాసుకుని ఉంటారు. మిలాన్‌లో లియొనార్డో డావిన్చీ గోడ మీద వేసిన 'లాస్ట్ సప్పర్' చిత్రం ముందు ఒక్కో బృందాన్ని పదిహేను నిమిషాలే ఉండనిస్తారు. ఆ టికెట్లు ఎంతో ముందుగానే అయిపోతాయి. వాటి కోసం కంప్యూటర్ ముందు కాచుకుని కూర్చున్నవారికి ఆ పదిహేను నిమిషాలు ఎంత విలువైనవో వేరే చెప్పాలా? మీరు చూడని ఊళ్లే అయినా వాటితో మీకు నెలల తరబడి పరిచయం ఉంది. కాబట్టి మీ దుఃఖం నిజమైన దుఃఖమే. "వదిలెయ్" అంటే పోయేది కాదు.

మీ వారు మంచి ఉద్దేశంతోనే అన్నారని నమ్ముతున్నాను. మీరు బాధపడుతుంటే చూడలేక చాలామంది భర్తలు ఆ మాటే అంటారు. ఆయనకు సూటిగా చెప్పండి: "నాకు సలహా వద్దు. ఒక అరగంట నేను చెప్పేది విను. నేను ఎక్కడికి వెళ్లాలనుకున్నానో, ఏం చూడాలనుకున్నానో చెబుతాను." ఏం చేయాలో తెలియకే వదిలెయ్ అన్నవారికి అరగంట కూర్చుని వినడం తేలికైన పనే.

ఇక వీసా. ఆ టిక్ పెట్టిన కాగితాన్ని మీరు మీ వ్యక్తిత్వం మీద తీర్పులాగా చదువుకుంటున్నారు. అది షెంజెన్ దేశాలన్నీ, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలన్నీ, వాడే ఒకే నమూనా పత్రం. కారణాలు ముందే అచ్చువేసి ఉంటాయి. అధికారి వాటిలో ఒకదాని పక్కన గుర్తు పెడతారు. ఆయన ముందున్నవి మీ ఖాతా వివరాలు, ఆదాయం కాగితాలు, ప్రయాణ వివరాలు. నెలనెలా ఒకే తేదీన జీతం పడే ఖాతా చదవడం తేలిక. ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వచ్చే సొంత పనివారి ఖాతాను అర్థం చేసుకోవడానికి ఇంకా కాగితాలు కావాలి: ఆదాయపు పన్ను రిటర్నులు, పని ఇచ్చేవాళ్లతో ఒప్పందాలు, తిరిగి వచ్చాక చేయాల్సిన పనుల ఉత్తరాలు, ఇల్లూ కుటుంబమూ ఇక్కడే ఉన్నాయని చూపేవి. మీ స్నేహితురాలు అన్న మాటలో సమాచారం కొంత ఉండవచ్చు. కానీ ఆ మాట అనడానికి అది సమయం కాదు. పది రోజుల్లో విమానం ఎక్కబోతున్న మనిషి, ఎక్కలేకపోయిన మనిషితో అనాల్సిన మాట అంతకన్నా కాదు. ఆ మాట మీకు గుచ్చుకోవడం న్యాయమే.

డబ్బు సంగతి మీరు ఉత్తరం చివర్లో, ఏదో తప్పు చేస్తున్నట్లు రాశారు. నేను దాన్ని ముందుకు తెస్తున్నాను, ఎందుకంటే అడగని డబ్బు స్నేహాన్ని చెదపురుగులా లోపలి నుంచి తినేస్తుంది. పైకి అందరూ నవ్వుతూనే ఉంటారు. విమానం టికెట్, వీసా రుసుము మీ సొంత నష్టాలు. వాటిలో వాళ్ల ప్రమేయం లేదు, అడగకండి. వీసా రుసుము ఎలాగూ తిరిగి రాదు. వాడని విమాన టికెట్ మీద కనీసం విమానాశ్రయ పన్నుల భాగమైనా ఇస్తారేమో, ప్రయాణ బీమా పత్రంలో వీసా తిరస్కరణకు పరిహారం ఉందేమో మీరే అడిగి తెలుసుకోండి. వీటికి గడువులు ఉంటాయి. మనసు బాగాలేదని పక్కన పడేయకండి.

ఇళ్ల అద్దె వేరే సంగతి. ఆ ఇళ్లలో వాళ్లు ముగ్గురూ ఉన్నారు, మీరు లేరు. నన్ను అడిగితే, ఉన్నవాళ్లు ముగ్గురే మొత్తం పంచుకోవాలి. ముగ్గురే వెళ్తారని ముందే తెలిస్తే చిన్న ఇల్లు తీసుకునేవాళ్లమని వాళ్లు అంటే, అందులోనూ న్యాయం ఉంది. అప్పుడు మీ వాటాను అందరికీ కలిపి వచ్చిన నష్టంగా లెక్కగట్టి నలుగురూ సమంగా భరించండి. అలా చూసినా మీరు కట్టినదాంట్లో ముప్పావు వంతు మీకు తిరిగి రావాలి. వాళ్లు వచ్చిన రెండు మూడు రోజులకు, శనివారం కన్నా ముందే, ముగ్గురికీ ఒకే మెసేజ్ పంపండి. "మన ఇళ్ల అద్దెలో నా వాటా ఇంత. నేను రాలేదు కాబట్టి దీన్ని ఎలా సర్దుకుందామో చెప్పండి. నా లెక్క ఇది" అని అంకెలు వేసి రాయండి. అందులో బాధ, నిష్ఠూరం ఒక్క ముక్క కూడా వద్దు. వీసా గురించి వద్దు, ఫోన్ చేయలేదన్న సంగతి వద్దు. రెండూ కలిపితే వాళ్లు బాధకు జవాబుగా డబ్బు ఇచ్చి చేతులు దులుపుకుంటారు, లేదా డబ్బు కోసమే బాధపడుతున్నారని అనుకుంటారు.

బాధ చెప్పుకోవడానికి గ్రూపు పనికిరాదు, శనివారం విందు అసలే పనికిరాదు. ముగ్గురిలో మీకు అందరికన్నా దగ్గరైన మనిషి ఎవరో మీకు తెలుసు. ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. ఆదివారం రాత్రే మాత్రం వద్దు. యూరప్ నుంచి తూర్పు దిక్కుగా తిరిగి వచ్చేవాళ్లకు, వెళ్లినప్పటికన్నా వచ్చినప్పుడు నిద్ర కుదుటపడటానికి ఎక్కువ సమయం పడుతుంది. మన శరీరానికి ఆలస్యంగా పడుకోవడం కన్నా ముందుగా పడుకోవడం కష్టం. పైగా ఇంట్లో పేరుకుపోయిన పనులు, పిల్లలు, మర్నాడే ఆఫీసు. అలసిపోయి, చిరాకులో ఉన్నప్పుడు వచ్చిన జవాబు ఆమె మనసులోని అసలు జవాబు కాకపోవచ్చు. బుధవారమో గురువారమో వీలైతే కలవండి, లేకపోతే ఫోన్ చేయండి.

ఏం చెప్పాలి? తప్పులు ఎంచకుండా, జరిగింది చెప్పండి. "మీరు వెళ్లినందుకు నాకు కోపం లేదు, వెళ్లమని నేనే అన్నాను. కానీ రెండు వారాల్లో ఒక్కరైనా నాకు ఫోన్ చేసి, నువ్వు రాసిచ్చిన దారిలోనే తిరుగుతున్నాం అంటే బాగుండేదని రోజూ ఎదురుచూశాను." అంతే. తర్వాత ఆగండి. ఆమె మాట్లాడేదాకా మౌనాన్ని మీరు నింపకండి. "పర్వాలేదులే, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నాను" అని మీ మాటను మీరే వెనక్కి తీసుకోకండి. మీ ఉత్తరం చదివితే అది మీకు అలవాటని తెలుస్తోంది.

వాళ్లు ఎందుకు ఫోన్ చేయలేదో నేను ఊహించగలను. కొండల మీద నిలబడి సంతోషంగా ఉన్నవాళ్లకు, ఇంట్లో బాధపడుతున్న మనిషికి ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తోచదు. చేస్తే పుండు మీద కారం చల్లినట్లవుతుందని అనుకుంటారు. ఆ తప్పు చేసిన భావంతోనే ఇప్పుడు బోలెడు వస్తువులు తెస్తున్నారు. ఇది ప్రేమ లేకపోవడం అనుకోను. కానీ పిరికితనమే. స్నేహంలో అలాంటి పిరికితనానికి ఒక సంజాయిషీ ఇవ్వాల్సి ఉంటుంది. ఇలాగే ఎవరినైనా వెనక వదిలి యాత్రకు వెళ్లి వచ్చినవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట: బహుమతుల సంచి తెరవడానికి ముందు ఆ మనిషిని పక్కకు పిలిచి, "నువ్వు లేకపోవడం మాకు ఫలానా చోట గట్టిగా తెలిసింది" అని ఆ చోటు పేరుతో సహా చెప్పండి. ఆ పేరుతోనే మీ మాట నిజమని తెలుస్తుంది.

శనివారం వెళ్లాలా అన్నది దగ్గరి స్నేహితురాలితో మాట్లాడాక తేలుతుంది. ఆమె విని, నొచ్చుకుని, క్షమించమంటే వెళ్లండి. వెళ్లినా రెండు వారాల ఫొటోలు వరసగా చూస్తూ కూర్చోవాల్సిన అవసరం లేదు. అందరినీ వింటూ నవ్వుతూ ఉండటమే స్నేహధర్మం అనుకోకండి. మీకు నచ్చిన చోట్లను మీరే అడగండి: "మిలాన్ గోడ ముందు పదిహేను నిమిషాలు ఎలా గడిచాయి? స్విట్జర్లాండ్‌లో 3,454 మీటర్ల ఎత్తులోని యుంగ్‌ఫ్రావ్‌యోక్ రైల్వే స్టేషన్‌లో దిగినప్పుడు మబ్బులు పట్టి ఉన్నాయా, మంచు కనిపించిందా?" మీకు తెలిసిన చోట్ల గురించి అడిగితే మీరు ఆ సంభాషణలో పరాయి మనిషిలా ఉండరు. ఒక గంట చాలనిపిస్తే గంటకే లేవండి, ముందే ఆ మాట చెప్పి వెళ్లండి. కళ్లలో నీళ్లొస్తే రానివ్వండి. ఇరవై ఏళ్లకు దగ్గరగా తెలిసిన మనుషుల ముందు ఏడ్చినంత మాత్రాన పరువు పోదు.

ఒకవేళ ఆమె వినకపోతే, "ఇంకా అదే పట్టుకున్నావా" అని తీసిపారేస్తే, ఆ శనివారం వెళ్లకండి. అబద్ధపు జ్వరాలేవీ చెప్పొద్దు. "ఇప్పుడు ఫొటోలు చూసే స్థితిలో లేను, ఒక నెల తర్వాత కలుద్దాం" అని గ్రూపులో ఒక్క వాక్యం రాయండి. కుళ్లు అనుకునేవాళ్లు అనుకుంటారు. నిజం చెప్పిన మీకు ఆ నెలంతా సర్దిచెప్పుకునే పని ఉండదు. అప్పటికీ కాగితాల మాట అన్న స్నేహితురాలి వైపు నుంచి ఒక్క అడుగు పడకపోతే, నలుగురి స్నేహం ముగ్గురిదిగానో ఇద్దరిదిగానో మిగలవచ్చు. అది విషాదమే కానీ, మీరు తప్పు చేయడం వల్ల జరిగినట్లు కాదు.

చివరగా ఆ తిరస్కరణ పత్రం. ఒకసారి కాదన్నారని జీవితాంతం తలుపు మూసుకుపోదు. కొత్తగా దరఖాస్తు చేసుకోవడానికి నిషేధం ఏమీ లేదు. అయితే పాత తిరస్కరణ వాళ్ల వీసా వ్యవస్థలో అయిదేళ్లు నమోదై ఉంటుంది కాబట్టి, ఈసారి దాన్ని దాచకుండా, ఏం మారిందో ఉత్తరంలో వివరించి, పైన చెప్పిన కాగితాలు జోడించండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. అంత ముందుగా వేస్తే పది రోజుల ముందు గుండె జారిపోయే పరిస్థితి రాదు. అప్పీలు చేసుకునే అవకాశం కూడా ఉంది, దాని గడువు దేశాన్ని బట్టి మారుతుంది, పత్రంలోనే రాసి ఉంటుంది. మీకు వీసా నిరాకరించి దాదాపు నెల కావస్తోంది. స్నేహితురాళ్లు దిగే ఆదివారం దాకా ఆగకుండా, ఈ రాత్రే ఆ కాగితం తీసి గడువు తేదీ చూడండి.