ఇల్లందులో నిలబడబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఇల్లందు నుంచి నిన్ను నిలబెట్టాలని మన సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ పార్టీలో అనుకుంటున్నారని విన్నాను. చాలా సంతోషం. ఎన్నో ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను.

మన గుమ్మడి నర్సయ్య గారు ఇక్కడ 1983, 1985, 1989, 1999, 2004లో గెలిచారు. అడవి భూమిలో పోడు చేసుకున్నందుకు కేసు పడితే స్టేషన్ దాకా ఎవరు వచ్చారో, తునికాకు కట్ట రేటు కోసం కల్లం దగ్గర ఎవరు కూర్చున్నారో జనం చూసి వేసిన ఓట్లవి. ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆయన సైకిల్ మీద, బస్సులో తిరిగారు. అదంతా ఎన్నికల నెలలో మొదలుపెడితే వచ్చేది కాదు.

అసలు చెప్పాల్సింది గుర్తు సంగతి. ఒకసారి పోలింగ్ అయ్యాక, మన ప్రతి ఊరేగింపులో జెండా పట్టిన ఒక పెద్దమ్మ నవ్వుకుంటూ ఎదురొచ్చింది. "కొడవలి మీదనే గుద్దొచ్చిన బిడ్డా" అంది. మన గుర్తు కొడవలి కాదు. మన జెండా మీద కొడవలి ఉంది, కానీ ఓటు మిషన్ మీద కంకి కొడవలి సీపీఐది, సుత్తి కొడవలి నక్షత్రం సీపీఎంది. ఆమె తప్పేం లేదు, చెప్పని తప్పు మాదే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఎన్నికల సంఘం గుర్తింపు లేని మనలాంటి పార్టీకి సొంత గుర్తు ఉండదు. మన అభ్యర్థులందరికీ ఒకే గుర్తు కావాలంటే రాష్ట్రంలో కనీసం 5 శాతం సీట్లలో, అంటే 119లో ఆరు చోట్ల పోటీ చేయాలి. అసెంబ్లీ గడువుకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ముందు అడిగినవాళ్ళకే ముందు. నామినేషన్‌కి పెద్ద పార్టీ వాళ్ళకు ఒక్క ప్రతిపాదకుడు చాలు, మనకు పదిమంది కావాలి. ఓటరు లిస్టులో వాళ్ళ పేర్లు నువ్వే చూసుకో. గుర్తు వచ్చిన రోజు నుంచి జెండా కన్నా గుర్తు బొమ్మే పెద్దగా కనపడాలి. బయ్యారం, గార్ల, టేకులపల్లి, కామేపల్లి తండాల్లో, గూడేల్లో నమూనా బ్యాలెట్ చేతిలో పెట్టి చూపించు.

ఇంకొకటి, మనసు కష్టపెట్టుకోకు. 1994లో ఇక్కడ మనల్ని ఓడించింది సీపీఐ. 2013లో న్యూడెమోక్రసీయే చంద్రన్న, రాయల వర్గాలుగా చీలింది. ఒకే కంచంలో తిన్నవాళ్ళం ఎదురెదురుగా కరపత్రాలు పంచుకున్నాం. నామినేషన్‌కి ముందే అవతలి వాళ్ళ ఇళ్ళకు నువ్వే వెళ్ళు. పాత తప్పులెవరివో తేల్చాలని కూర్చోకు, ఏ ఊళ్ళో ఎవరు ఏజెంటుగా కూర్చుంటారో మాత్రం అడుగు.

ఏజెంటు సాయంత్రం, బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిచ్చే 17సీ ఫారం కాపీ తీసుకోకుండా బూత్ దాటకూడదు. డబ్బు లేకున్నా ఇది చేయగలం.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను. బూత్‌ల వారీగా లిస్టు తీయించి పెట్టు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ అన్న