బౌద్ధం చదవడం మొదలుపెట్టిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బౌద్ధం చదువుతున్నానని, నోటుబుక్కులో మాటలూ అర్థాలూ రాసుకుంటున్నానని రాశావు. సంతోషం. అయితే ఆ జాబితా ఇప్పుడే పెంచకు. త్రిశరణాలు, పంచశీల, పన్నెండు నిదానాలు అంటూ అంకెల వెంట పడితే పరీక్షకు పనికొస్తుందేమో గానీ, ఒక మాటకూ ఇంకో మాటకూ ఉన్న సంబంధం అంతుపట్టదు. ముందు నాలుగు ఆర్యసత్యాలు పట్టుకో: దుఃఖం, దాని కారణం, అది ఆగిపోవడం, అందుకు మార్గం. మిగతావి వాటి దగ్గరికే వచ్చి చేరతాయి.

సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు బుద్ధుడు చేసిన మొదటి బోధ, ధమ్మచక్క పవత్తన సుత్తం, చాలా చిన్నది. ముందు దాన్నే చదువు. అందులో చాలామంది చూడకుండా దాటేసే సంగతి ఒకటుంది. నాలుగు సత్యాలు చెప్పి ఊరుకోలేదు, ఒక్కోదానితో ఏం చేయాలో కూడా చెప్పాడాయన. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి. దానికి కారణమైన తృష్ణను వదలాలి. తృష్ణ ఆగిపోవడాన్ని, అంటే నిరోధాన్ని, స్వయంగా అనుభవంలో చూడాలి. అందుకు దారి అయిన అష్టాంగ మార్గాన్ని సాధన చేయాలి. నీ నోటుబుక్కులో అర్థం పక్కనే ఈ పని కూడా రాసుకో. దుఃఖాన్ని ఎలా వదిలించుకోవాలా అని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. ఆయన వదలమన్నది తృష్ణని. దుఃఖాన్ని తెలుసుకోమనే అన్నాడు.

తృష్ణ అంటే వస్తువుల మీద ఆశ ఒక్కటే కాదు. సుఖాల కోసం కామతృష్ణ, ఇలాగే ఉండాలని, ఇంకేదో అవ్వాలని భవతృష్ణ, లేకుండా పోవాలని విభవతృష్ణ. ఈ మూడోది గుర్తుపట్టడం కష్టం. విసుగులోనూ వైరాగ్యంలోనూ దాక్కుంటుంది.

ఆ తర్వాత పన్నెండు నిదానాలు, అంటే ఒకదాని వల్ల ఒకటి పుట్టే పన్నెండు కారణాల గొలుసు. ఇలా కారణాల మీద ఆధారపడి పుట్టడాన్నే ప్రతీత్యసముత్పాదం అంటారు. దాని మూలసూత్రం చిన్నదే: ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది. పన్నెండూ ఒక్కసారే కంఠస్థం చేయకు. మధ్యలోని నాలుగు చాలు: స్పర్శ, వేదన, తృష్ణ, ఉపాదానం. తగలగానే వేదన కలుగుతుంది. ఇక్కడ వేదన అంటే సుఖమైనా బాధైనా ఏదో ఒక అనుభూతి అని. అది కావాలని తృష్ణ, తర్వాత పట్టుకుని వేలాడటం. వేదనకూ తృష్ణకూ మధ్య గొలుసు తెగే వీలుంది. అష్టాంగ మార్గంలోని సమ్యక్ స్మృతికి, అంటే సరైన ఎరుకకు, అక్కడే పని. ఆ మార్గంలోని ఎనిమిదింటినీ శీలం (నడవడి), సమాధి (మనసు నిలపడం), ప్రజ్ఞ (సరైన అవగాహన) అని మూడుగా చూస్తే సులువు.

అందరూ చిక్కుకునేది అనాత్మ దగ్గర, అంటే మారని ‘నేను’ అనేది ఏదీ లేదనే మాట దగ్గర. ఆ ఐదుగురికే చేసిన రెండో బోధ దీని గురించే. మనిషిలోని రూపం (శరీరం), వేదన, సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (సంకల్పాల వంటివి), విజ్ఞానం (చైతన్యం) అనే పంచస్కంధాలను ఒక్కొక్కటే తీసుకుని, ఇది నిజంగా నువ్వే అయితే ‘ఇలా ఉండు’ అన్నప్పుడు అలా ఉండాలి కదా అని అడుగుతాడు. ఉండదు మరి. సరే, ఆత్మ లేకపోతే మళ్లీ పుట్టేది ఎవరు? ఈ ప్రశ్న నువ్వూ వేస్తావు, తప్పదు. మిలిందుడనే రాజూ వేశాడు. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటేనా అని నాగసేన భిక్షువు ఎదురడిగాడు. అదే కాదు, వేరూ కాదు. ఈ జవాబుతో వెంటనే తృప్తి కలగకపోయినా కంగారు పడకు, ప్రశ్నను అలా ఉండనివ్వు.

కర్మ విషయంలో మాత్రం జాగ్రత్త. ‘నా కర్మ’ అని నుదురు కొట్టుకునే అలవాటు మనది. బుద్ధుడు చేతననే, అంటే సంకల్పాన్నే, కర్మ అన్నాడు. అంతా ముందే రాసిపెట్టి ఉందని, మనిషి ప్రయత్నంతో పని లేదని చెప్పిన మక్ఖలి గోశాలుణ్ణి ఆయన గట్టిగా తప్పుపట్టాడు. కాబట్టి తలరాత సిద్ధాంతాన్ని ఆయనకు అంటగట్టకు.

నిర్వాణం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చోకు. అదేమిటని అడిగిన ఒక పరివ్రాజకుడికి (ఊరూరా తిరిగే సన్యాసికి) బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్తుడు ఒక్క ముక్కలో చెప్పాడు: రాగం, ద్వేషం, మోహం క్షయమైపోవడం. ప్రస్తుతానికి నీకు అది చాలు.

ఒక పుస్తకంలో ధర్మ, ఇంకోదాంట్లో ధమ్మ అని ఉంటే ఖంగారొద్దు. ఒకటి సంస్కృతం, ఒకటి పాళి, అంతే. శూన్యత జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. ప్రతీత్యసముత్పాదాన్నే శూన్యత అంటున్నామని తర్వాతి కాలపు బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు తన మూలమధ్యమక కారిక 24వ అధ్యాయంలో చెప్పాడు. కనుక మొదటిది వంటబట్టకుండా రెండోది చదివితే ‘ఏదీ లేదు’ అనే దగ్గర ఆగిపోతావు. ముందు ఆ రెండు బోధలూ చదివి, ఎక్కడ అడ్డం తగిలిందో రాయి. అప్పుడు మిగతావి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న