వంశధార మొగలో, అంటే నది సముద్రంలో కలిసేచోట, బెంగాల్‌లోని హుగ్లీ నదిలో లాంటి పోటుకెరటం ఎందుకు రాదు?
రాదు, ఎందుకంటే కళింగపట్నం దగ్గర సముద్రపు పోటు అంత ఎత్తు లేవదు. పోటుకెరటమంటే పోటునీరు గోడలా నదిలోకి ఎదురెక్కడం. అలా జరగాలంటే పోటుకీ పాటుకీ మధ్య చాలా మీటర్ల తేడా ఉండాలి, నది గరాటులా లోపలికి ఇరుకవుతూ పోవాలి. హుగ్లీలో ఆ రెండూ ఉన్నాయి. మన తీరంలో అమావాస్య, పున్నమిలప్పుడు కూడా తేడా సుమారు ఒకటిన్నర మీటరే.

పైగా మొగ దగ్గర ఇసుక మేట. అదీ పోటుకి అడ్డే. నైరుతి గాలుల కాలంలో అలలు తీరం వెంట ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. వేసవిలో సన్నబడ్డ నదికి దాన్ని కడిగేసే బలం ఉండదు, మొగ ఇరుకవుతుంది. వరదొస్తే ఆ మేట మళ్లీ తెగుతుంది.

ఉప్పునీరు ఏట్లోకి ఎగబాకితే అదే పోటుకెరటం అనుకుంటారు చాలామంది. కాదు, అది మామూలు పోటే. చప్పుడు లేకుండా వచ్చి పోతుంది.