మిర్చి యార్డులో దళారీ లేకపోతే రైతుకు ఎక్కువ మిగులుతుందా?

దళారులు, ఎగుమతి దిగుమతి వ్యాపారులు ఏ పనీ చేయకుండా మధ్యలో తింటున్నారు, వాళ్లను తీసేస్తే రైతుకూ కొనేవాళ్లకూ మేలు కదా అని ఒకరు అడిగారు. మాది పల్నాడులో మిర్చి వేసే కుటుంబం, సరుకు గుంటూరు యార్డుకే తోలతాం. నేను చూసినంతలో, ఏ పనీ చేయరన్న మాట నిజం కాదు. రైతు దెబ్బతినేది కమీషన్ దగ్గరకన్నా అప్పు దగ్గర.

టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగగానే కమీషన్ కొట్టు (రైతు సరుకును కమీషన్‌కు అమ్మిపెట్టే దళారీ దుకాణం) ముందు లాట్లుగా పేరుస్తారు. కొనేవాడు వచ్చి టిక్కీ మూతి విప్పించి, లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీస్తాడు. పైన ఎర్రటి కాయ వేసి అడుగున తాలు (రంగు పోయిన నాసి కాయ) కలిపారేమో చూసుకుంటాడు. కాయ విరిచి తేమ చూస్తాడు, ఎందుకంటే తడి కాయ కోల్డ్ స్టోరేజీలో బూజు పట్టిపోతుంది. మా నాన్నగారు "బాగా ఆరబెట్టిన కాయండీ" అంటే వినేవాళ్లు తక్కువ. అదే మాట ఏళ్ల తరబడి ఎదురుపడే కమీషన్ వ్యాపారి అంటే రేటు కదులుతుంది. పైగా కొన్నవాడు డబ్బు ఆలస్యం చేసినా మాకు మాత్రం ఆయనే సర్దుతాడు. ఇది ఊరికే జరిగే పని కాదు.

ధర విషయానికొస్తే, 2023లో తేజ అనే మిర్చి రకం క్వింటా 20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి ఎంత పడిపోయిందంటే, ధర కూలినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. రెండుసార్లూ యార్డులో ఉన్నది అదే వ్యాపారులు. ముఖ్యంగా మారింది బయటి దేశాల కొనుగోళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో మిగిలిపోయిన పాత సరుకు. తేజ చైనాకు, బంగ్లాదేశ్‌కు, ఇంకా ఆసియా దేశాలకు పోతుంది. అక్కడి దిగుమతిదారు కొనడం తగ్గిస్తే ఆ వారమే ఇక్కడ రేటు దిగుతుంది. అతను లేకపోతే మన పంటంతా మన వంటిళ్లలోనే ఖర్చవ్వాలి, అది అయ్యే పని కాదు.

మరి అన్యాయం లేదా అంటే ఉంది, గట్టిగానే ఉంది. 2021లో నల్ల తామర పురుగు పడి తోటలు పోయినప్పుడు మాకు తెలిసిన కౌలు రైతులు చాలామందికి బ్యాంకు గడప తొక్కే దారే లేదు. కౌలుకు కాగితం ఉండదు మరి. మళ్లీ పెట్టుబడి పెట్టింది కమీషన్ వ్యాపారులే, నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఆ ఏడు వాళ్లను నిలబెట్టింది ఆ డబ్బే, ఒప్పుకోవాలి. కానీ మరుసటి ఏడు పంట ఆ కొట్టుకే వేయాలి, ఆయన అమ్మమన్నప్పుడే అమ్మాలి. పక్క కొట్లో ఎక్కువ పలుకుతున్నా టిక్కీ కదలదు. తూకంలో, తరుగులో కోత పడినా నోరెత్తలేరు. నాకు కడుపు మండేది ఇక్కడే.

అందుకే దళారీని తీసేయమని నేను అడగను. కౌలు రైతుకు ప్రభుత్వమిచ్చే కౌలు కార్డు మీద పంట రుణం నిజంగా అందాలి, సరుకు దాచినందుకు కోల్డ్ స్టోరేజీ ఇచ్చే బాండు తాకట్టు పెట్టుకుని బ్యాంకు వెంటనే డబ్బివ్వాలి. అప్పు లేని రైతు ఏ కొట్టుకైనా వెళ్తాడు, రేటు నచ్చకపోతే ఆగుతాడు. మా ఊళ్లో అలా ఆగగలిగిన కొద్దిమందికి కమీషన్ వ్యాపారులే ఫోన్ చేసి సరుకు అడుగుతారు.