మీ నీతి ఏ తత్వవేత్తకు దగ్గరో చెప్పే క్విజ్‌లో ఒకసారి కాంట్, ఇంకోసారి మిల్ వస్తున్నారంటే

మీరు జవాబు మాత్రమే నొక్కుతున్నారు, దాని వెనక కారణం చూసుకోవట్లేదు. ఒకే జవాబు ఇద్దరికీ సరిపోతుంది, అందుకే ఫలితం మారుతోంది.

1. తిరుపతిలో ఉన్నారనుకోండి. సర్వదర్శనం టోకెన్ల క్యూలో తెలిసినాయన "మధ్యలో దూరెయ్" అన్నాడు. మీరు దూరరు. ఎందుకు?

2. అందరూ దూరితే క్యూయే ఉండదంటే కాంట్. వెనకవాళ్లకు నష్టమంటే మిల్. అది నా గుణం కాదంటే అరిస్టాటిల్.

3. అందరూ వదిలేసేది ఇదే: ఒక్క వివరం మార్చండి. టోకెన్లు బోలెడున్నాయి, వెనకవాళ్లూ పొమ్మంటున్నారు, ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు దూరతారా? దూరితే మిల్‌కు దగ్గర. అప్పుడూ మనసొప్పకపోతే మిల్‌ను పక్కన పెట్టి రెండో మెట్టుకు వెళ్లండి. జవాబు కదిలిన చోటే మీ అసలు కారణం దొరుకుతుంది.

4. అబద్ధం, అప్పు విషయాల్లోనూ ఇలాగే చూసి, ఆ తర్వాతే క్విజ్ రాయండి. అది ఎవరికి ఎంత దగ్గరో చూపే పర్సెంటేజీలు పట్టించుకోకండి.

చదవాలనుకుంటే ముందు మిల్ 1861 వ్యాసం 'యుటిలిటేరియనిజం', ఆ తర్వాత కాంట్ 1785 పుస్తకం 'గ్రౌండ్‌వర్క్ ఆఫ్ ది మెటాఫిజిక్స్ ఆఫ్ మోరల్స్'. కాంట్ చిన్నదే గానీ కొరకరాని కొయ్య.