ఫైర్ ఫోమ్ కలిసిన నీటికి పటిక, బ్లీచింగ్ పనిచేయవు

ప్రశ్న: మా పొలం పక్కన చమురు డిపో ఉంది. ఫైర్ డ్రిల్ చేసినప్పుడల్లా తెల్లటి నురగ కాలువలో కొట్టుకొచ్చి మా కుంటలో చేరుతోంది. నెల రోజులుగా రెండు గేదెలు పల్చగా పేడ వేస్తున్నాయి, పాలు తగ్గాయి. ఇది నురగ విషమే అనుకుంటున్నాను. షాపులో పటిక, బ్లీచింగ్, బ్యాక్టీరియా ద్రావణం ఇచ్చారు. వేశాక నురగ పోయింది. మొత్తం 6 గేదెలు. కుంట, బోరు నీళ్లు వాడొచ్చా?
– ఒక పాడి రైతు

జవాబు: పరీక్ష చేయించేదాకా వాడకండి. గేదెలు పల్చగా వేయడానికి మాత్రం ఈ నురగ కారణం కాకపోవచ్చు. కుంట గట్టున నత్తలు ఉన్నాయా చూడండి. నా మొదటి అనుమానం నత్తల ద్వారా వ్యాపించే కార్జపు జలగల మీదే. రేపు ఉదయమే తాజా పేడ పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించండి.

నురగ సంగతి వేరు. చమురు మంటలకు వాడే ఏఎఫ్ఎఫ్ఎఫ్ ఫోమ్‌లో పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి. పశువు పైకి బాగానే కనిపిస్తుంది, అవి మాత్రం రక్తంలో చేరి పాలలోకి వస్తాయి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం క్లోవిస్ దగ్గర వైమానిక స్థావరం ఫోమ్ భూగర్భ జలంలో కలిసిందని 2018లో బయటపడింది. పక్కనే ఉన్న డెయిరీ పాలన్నీ పారబోసింది. 2022 నాటికి 3,600కు పైగా ఆవులను చంపేయాల్సి వచ్చింది.

అక్కడ 2024లో తాగునీటికి పెట్టిన పరిమితి పీఫాస్‌లోని పీఫోస్, పీఫోవా అనే రెండు రసాయనాల్లో ఒక్కోదానికి లీటరుకు 4 నానోగ్రాములు. అంటే ఒక్క గ్రాము చాలు, 25 కోట్ల లీటర్ల నీటిని ఆ గీత దగ్గరకు తేవడానికి. ఇది కంటికి కనపడదు, టీడీఎస్ మీటరుకు అందదు.

మీకు అమ్మిన మూడింటిలో ఒక్కటీ దీనికి పనికిరాదు. నురగ దానంతటదే విరిగిపోతుంది, పటిక వల్ల కాదు. బ్లీచింగ్‌కు ఈ రసాయనం విడిపోదు, సీసాలో అమ్మే ఏ బ్యాక్టీరియా దీన్ని తినదు. మరిగిస్తే నీరు ఆవిరై ఈ రసాయనం చిక్కబడుతుంది. నీరు పరీక్షించకుండా మందు అమ్మినవారి మాట మీద ఇక రూపాయి కూడా పెట్టకండి.

ముందు డిపోలో ఫోమ్ డ్రమ్ము లేబుల్ చూపించమనండి. ఫ్లోరిన్ లేని ఫోమ్ అయితే మీ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. ఏదైనా సరే బోరు, కుంట నీళ్లు విడివిడిగా పరీక్షకు పంపండి. బోరు 15 నిమిషాలు వదిలి, ల్యాబ్ ఇచ్చిన 250 మి.లీ. పాలీప్రొపిలీన్ సీసాలో పట్టండి. గాజు సీసా, టెఫ్లాన్ మూత వద్దు. రెయిన్‌కోటు వేసుకుని పట్టకండి, అందులోనూ ఇవే రసాయనాలు ఉండొచ్చు. ఐసులో పెట్టి అదే రోజు పంపండి. పీఫాస్ పరీక్ష చేస్తారా అని ల్యాబ్‌ను ముందే అడగండి.

పీఫాస్ ఉందని తేలితే, మీ గేదెలకు రోజుకు 450 లీటర్లు శుద్ధి చేస్తే సరిపోతుంది. రెండు ట్యాంకులు వరుసగా పెట్టి, ఒక్కోదానిలో 50 లీటర్ల గ్రాన్యులర్ యాక్టివేటెడ్ కార్బన్ (రసాయనాలను పట్టుకునేలా తయారుచేసిన బొగ్గు గింజలు) నింపండి. నిమిషానికి 5 లీటర్లకు మించి వదలొద్దు, నీరు ఒక్కో ట్యాంకులో 10 నిమిషాలు నిలవాలి. గంటన్నరలో రోజు నీళ్లు వస్తాయి. పొయ్యి బొగ్గు పనికిరాదు. రెండు ట్యాంకుల మధ్య నీటిని 3 నెలలకోసారి పరీక్షించండి, అక్కడ పీఫాస్ కనపడగానే మొదటి ట్యాంకు కార్బన్ మార్చాలి. పాత కార్బన్‌ను పొలంలో పోయొద్దు, కాల్చొద్దు, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే ఇవ్వాలి. ఇంట్లో తాగడానికి ఆర్‌ఓ పనిచేస్తుంది, కానీ దాని వ్యర్థ నీటిని ఆకుకూరలకు పెట్టకండి.

వరికి శుద్ధి ఆలోచన వదిలేయండి. ఎకరాకు సుమారు 50 లక్షల లీటర్లు ఎవరు వడకడతారు? వేరే నీరు చూసుకోవాలి. ఫలితం వచ్చేదాకా ఆ కుంట దగ్గర తిరిగే కోళ్ల గుడ్లు తినకండి. తర్వాతి డ్రిల్‌కు ముందే కాలువకు అడ్డుకట్ట వేయమని డిపోకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. నురగ వచ్చిన రోజు తీసిన ఫోటోలు, తేదీలు దానికి జత చేయండి.