ఆపరేషన్ మర్నాడు ప్రశ్నలడిగే ఉద్యోగానికి ఏం చదవాలి?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో పని చేస్తున్నాను. మా పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ప్రభుత్వ సీటుకు సరిపడా మార్కులు రాలేదు, ఈఏపీసెట్ ర్యాంకు మాత్రం పర్లేదు. కొద్ది నెలల కిందట మా ఆవిడకు విశాఖలో గర్భసంచి ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున్నే ఒకమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చి, నిద్ర పట్టిందా, వికారంగా ఉందా, నొప్పి పదికి ఎంత అని వరసగా అడిగి రాసుకుంది. మత్తు మీద రీసెర్చ్ అట. పక్కనే కూర్చున్న మా అమ్మాయి అప్పట్నుంచి నేనూ ఆ పనే చేస్తానంటోంది. బీఎస్సీ అనస్తీషియా టెక్నాలజీలో చేరిస్తే ఆ ఉద్యోగం వస్తుందా? ఇంటర్‌తోనే ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా చేయొచ్చని, లక్షన్నర కడితే ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని ఒక సంస్థ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఇంకో మాట, మా ఆవిడ మీద ఏమైనా ప్రయోగం చేశారేమోనని మా అత్తగారికి ఒకటే టెన్షన్.

జవాబు: మీ అత్తగారి టెన్షన్ సంగతి ముందు చూద్దాం. మీ అమ్మాయి అడుగు పెట్టాలనుకుంటున్న వృత్తికి పునాది అదే.

ఆపరేషన్‌కు ముందు మీ ఆవిడ చేత చాలా కాగితాల మీద సంతకాలు పెట్టించి ఉంటారు. ఆపరేషన్‌కు ఒకటి, మత్తుకు ఒకటి. పరిశోధన జరిగి ఉంటే దానికి విడిగా ఇంకొకటి ఉండాలి, దాంతో పాటు తెలుగులో ఒక సమాచార పత్రం ఇవ్వాలి. ఏం పోలుస్తున్నారు, ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చా, మానుకుంటే వైద్యంలో తేడా వస్తుందా (రాకూడదు), ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఆ కాగితం వార్డులోకి రాకూడదు. ఫైల్లో వెతకండి. కనబడకపోతే మత్తు విభాగానికి వెళ్ళి కాపీ అడగండి. అడగడం మీ హక్కు, గొడవ పెట్టుకోవడం కాదు.

మన తెలుగువాళ్ళకు ఈ భయం ఊరికే రాలేదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో చాలామంది పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారని తర్వాత తేలింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ, అక్కడ చెడింది అనుమతి. 2019 నాటి కొత్త క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చేనాటికి ఎథిక్స్ కమిటీల మీద, అనుమతి పత్రాల మీద పట్టు బాగా బిగిసింది.

ఇక మీ ఆవిడ విషయంలో జరిగింది చాలావరకు ఇలాంటిదై ఉంటుంది. పొట్ట కోసి గర్భసంచి తీసేటప్పుడు తరచూ వెన్నుకి మత్తు ఇస్తారు. దానికి తోడు, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొట్ట కండరాల పొరల మధ్య ఇంకో ఇంజెక్షన్ వేస్తే మొదటిరోజు నొప్పి తగ్గుతుందా అని చూస్తారు. దాన్ని ట్యాప్ బ్లాక్ అంటారు. సగం మందికి అది ఇస్తారు, సగం మందికి మామూలు నొప్పి మందులే. ఎవరికి ఏది అన్నది సీల్ వేసిన కవరు తేలుస్తుంది, డాక్టరు ఇష్టాయిష్టాలు కాదు. రెండూ ఇప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులే. పకడ్బందీగా నడిచే అధ్యయనమైతే మర్నాడు ప్రశ్నలు అడిగిన ఆ అమ్మాయికి కూడా మీ ఆవిడ ఏ వర్గంలో ఉందో తెలియనివ్వరు. తెలిస్తే, బ్లాక్ ఇచ్చిన మనిషిని తనకు తెలియకుండానే "నొప్పి తగ్గింది కదండీ?" అని అడిగేస్తుంది.

మీ అమ్మాయికి కాస్త నిరాశ కలిగించే మాట ఒకటి చెప్పాలి. ఆ కాగితాలు పట్టుకొచ్చిన అమ్మాయి దాదాపుగా ఉద్యోగి అయి ఉండదు. ఎండీ అనస్తీషియా చదువుతున్న డాక్టరై ఉంటుంది. మన దగ్గర ప్రతి ఎండీ విద్యార్థీ థీసిస్ చేసి తీరాలి. కేజీహెచ్‌లో గానీ, వన్‌టౌన్ ఘోషా ఆసుపత్రిలో గానీ, ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో గానీ మత్తు మీద జరిగే పరిశోధనలో ఎక్కువ భాగం అదే. దానికి విడిగా జీతమిచ్చి మనిషిని పెట్టుకునే డబ్బు ఉండదు. జీతం వచ్చే క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ (ఆసుపత్రిలో పరిశోధన పనులు చూసుకునే మనిషి) ఉద్యోగాలు మందుల కంపెనీలు డబ్బు పెట్టే ట్రయల్స్‌లో, అంటే మందుల్ని మనుషుల మీద పరీక్షించే అధ్యయనాల్లో ఉంటాయి. క్యాన్సర్, షుగర్, గుండె, కీళ్ళు ఇలాంటివి. కంపెనీ ఆఫీసులు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటాయి. అంటే మీ అమ్మాయి చూసి ఇష్టపడ్డ పని ఒకటి, మార్కెట్‌లో దొరికే ఉద్యోగం ఇంకొకటి. రెండూ కలిసే దారి ఉంది గానీ అది మీరనుకున్న కోర్సులోంచి పోదు.

బీఎస్సీ అనస్తీషియా టెక్నాలజీ చెడ్డ కోర్సు కాదు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. కానీ అది యంత్రం దగ్గర పని. పొద్దున మొదటి కేసుకు ముందే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళి మత్తు మెషిన్ లీకు చూడాలి, వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సోడాలైమ్ రంగు మారితే మార్చాలి, గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందో లేదో చూడాలి, సక్షన్ పని చేస్తోందో లేదో చెయ్యి అడ్డుపెట్టి చూడాలి, గొంతులో వేసే ట్యూబులు సైజుల వారీగా సర్దాలి. చేతిలో నైపుణ్యం ఉన్నవాళ్ళకు ప్రైవేటు ఆసుపత్రుల్లో పని దొరుకుతుంది. అయితే రెండు సంగతులు తెలిసి చేరాలి. మన దేశంలో మత్తు ఇచ్చే అధికారం డాక్టర్లకే. ఈ కోర్సు చేసి 'మత్తు డాక్టరు' కావడం ఉండదు. రెండోది, పేషెంటు మెలకువ వచ్చి వార్డుకు వెళ్ళే సరికి టెక్నీషియన్ తర్వాతి కేసులో ఉంటారు. మీ అమ్మాయికి నచ్చిన భాగం మొదలయ్యేది అక్కడే మరి.

ఆ భాగం ఎంత లోతైనదో కొంచెం చెబుతాను, ఎందుకంటే పిల్ల మనసు పడ్డది చిల్లర సంగతి మీద కాదు. ఆపరేషన్ అయ్యాక కోలుకోవడాన్ని కొలవడానికి క్యూఓఆర్-15 అని ఒక ప్రశ్నావళి ఉంది, 2013లో వచ్చింది. పదిహేను ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి పది, మొత్తం 150. ఊపిరి హాయిగా ఆడుతోందా, తిండి సయించిందా, ఎవరి సాయం లేకుండా బాత్రూం పనులు చేసుకోగలిగారా, దిగులుగా ఉందా, ఇలా సాగుతుంది. మీ ఆవిడను అడిగింది ఇదే అయ్యుండొచ్చు. వినడానికి ఇంతే. కానీ నర్సీపట్నం అవతలి పల్లె నుంచి వచ్చిన పెద్దావిడను అడిగి చూడండి. "నొప్పేటి లేదమ్మా, పర్లేదు" అంటుంది, పక్కకు తిరగలేక పళ్ళు బిగబట్టి మరీ. కోడలు మధ్యలో దూరి "రాత్రంతా మూలుగుతానే ఉంది" అంటుంది. ఏది రాయాలి? రాయాల్సింది పేషెంటు చెప్పిన అంకె. కానీ ఆ అంకె నిజంగా ఆమె నోటి నుంచి రావాలంటే కోడల్ని కాసేపు టీకి పంపి, సున్నా అంటే ఏమిటో, పది అంటే ఏమిటో చెప్పి ఓపిగ్గా ఆగాలి. ఈ ఆగడం చేతనైనవాళ్ళు తక్కువ.

ఇంకో ఉదాహరణ. మత్తు తర్వాత వాంతులు ఎవరికి ఎక్కువవుతాయో ముందే అంచనా వేసే ఆప్ఫెల్ స్కోరు 1999లో వచ్చింది. నాలుగే ప్రశ్నలు: ఆడమనిషా, పొగ తాగని మనిషా, గతంలో మత్తు తర్వాత వాంతులైన చరిత్ర గానీ బస్సెక్కితే కడుపులో తిప్పే గుణం గానీ ఉందా, ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి నొప్పి మందులు ఇస్తారా. ఒక్కోదానికి ఒక పాయింటు. ఏదీ లేకపోతే వాంతుల అవకాశం పదిశాతం దగ్గర, నాలుగూ ఉంటే ఎనభై శాతం దగ్గర. మన గర్భసంచి పేషెంట్లలో చాలామందికి మొదటి రెండు పాయింట్లు అడక్కుండానే పడతాయి. పాడేరు ఘాట్ రోడ్డులో కవరు పట్టుకుని కూర్చునే మనిషైతే మూడోది కూడా. ఈ స్కోరును ఫిన్లాండ్, జర్మనీల పేషెంట్ల మీద తయారుచేశారు. మరి మన తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలను 'పొగ తాగేవాళ్ళు' గడిలో వేస్తే ఆ లెక్క సరిపోతుందా? నాకైతే ఇది విశాఖలోనే పుట్టాల్సిన పరిశోధన ప్రశ్న అనిపిస్తుంది.

తిండి సంగతీ అంతే. మన వార్డుల్లో రాత్రి నుంచి మంచినీళ్ళు బంద్, ఆపరేషన్ అయ్యాక "గాలి పోయిందా?" అని అడిగి పోతేనే ఇడ్లీ. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో మొదలుపెట్టిన, త్వరగా కోలుకునే పద్ధతి దీన్ని తిరగేసింది. ఈరాస్ అంటారు. గట్టి ఆహారం ఆరు గంటల ముందు ఆపితే చాలు, తేట నీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగొచ్చు, ఆపరేషన్ అయ్యాక మొదటిరోజే తినిపించొచ్చు, మూత్రం గొట్టం త్వరగా తీసేయాలి, లేపి నడిపించాలి. స్త్రీల ఆపరేషన్లకు ఈ మార్గదర్శకాలు 2016లోనే వచ్చాయి. కాగితం మీద ఉన్నది వార్డులో ఎంత జరుగుతోంది, జరగకపోతే ఎందుకు? కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకైతే, ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది శాతం దాటారు. ఇన్ని ఆపరేషన్లు అసలు అవసరమా అన్నది వేరే ప్రశ్న, నన్నడిగితే ముందు అడగాల్సిందీ అదే. కానీ అయినవాళ్ళు ఎలా కోలుకుంటున్నారో చూడటానికి మన ఊళ్ళో పని కొదవ లేదు.

ఈ పని చూసేది ఎవరు? గొట్టం తీసేది, మొదటిసారి లేపి నడిపించేది, రాత్రి రెండింటికి నొప్పి అంకె చార్టులో రాసేది నర్సు. అందుకే మీ అమ్మాయికి నా మొదటి సలహా బీఎస్సీ నర్సింగ్. "నర్సింగా?" అని మీ ఇంట్లో ఎవరో అంటారని తెలుసు. నాలుగేళ్ళ కోర్సులో నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టు, ఆఖర్లో ప్రాజెక్టు ఉంటుంది. తర్వాత రెండేళ్ళ ఎమ్మెస్సీలో సొంత థీసిస్. రీసెర్చ్ ఉద్యోగం దొరక్కపోయినా చేతిలో డిగ్రీకి ప్రభుత్వంలోనూ, ప్రైవేటులోనూ, విదేశాల్లోనూ గిరాకీ ఉంటుంది. మీ ఇంటికి దగ్గరలోనే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నర్సుగా అలాంటి చోట పని చేస్తూ ట్రయల్ అంటే ఏమిటో కళ్ళారా చూడటం ఏ డిప్లొమా నేర్పేది కాదు.

రెండో దారి ఫార్మ్ డి. ఆరేళ్ళు, ఆఖరి ఏడు ఇంటర్న్‌షిప్. ఈఏపీసెట్ ర్యాంకుతోనే వస్తుంది. ట్రయల్ కోఆర్డినేటర్, మందుల దుష్ఫలితాల నమోదు లాంటి కంపెనీ ఉద్యోగాలకు దగ్గరి దారి ఇదే. కానీ ప్రైవేటు కాలేజీ ఫీజు ఆరేళ్ళు కట్టాలి, మొదటి జీతం ఆ ఖర్చుకు తగ్గట్టు ఉండకపోవచ్చు. వెనక ఇంకో బిడ్డ చదువు ఉంటే ఈ లెక్క ఇప్పుడే వేసుకోండి.

తానే ప్రశ్న వేసి, తానే అధ్యయనం నడపాలన్న పంతం ఉంటే మాత్రం ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ళ ఎండీ. ఇంకో ఏడాది నీట్ లాంగ్‌టర్మ్ పెట్టాలా అన్నది ఈసారి వచ్చిన మార్కులు చూడకుండా చెప్పలేను. మార్కులు, కేటగిరీ పంపండి.

ఈలోగా డబ్బు ఖర్చు లేని పని ఒకటి అమ్మాయికి ఇవ్వండి. దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ నమోదయ్యే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌ను ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నడుపుతుంది, ఎవరైనా చూడొచ్చు. అందులో హిస్టరెక్టమీ (గర్భసంచి తీసే ఆపరేషన్) అని, విశాఖపట్నం అని వెతకమనండి. దొరికిన వాటిలో ఒకటి తీసి, ఎంతమందిని చేర్చుకున్నారు, ప్రధానంగా ఏం కొలుస్తున్నారు, ఎప్పుడెప్పుడు కొలుస్తున్నారు అన్నవి తెలుగులో ఒక పేజీ రాయమనండి, అమ్మమ్మకు చదివి వినిపిస్తే అర్థమయ్యేలా. మూడో రోజుకే విసుగొస్తే అదీ తెలుసుకోవాల్సిన సంగతే. ఉత్సాహంగా రెండోది కూడా తీస్తే, డిగ్రీలో చేరాక ట్రయల్స్ ఎలా నడపాలో నేర్పే జీసీపీ శిక్షణ ఆన్‌లైన్‌లో ఉచితంగానే చేసుకోవచ్చు.

లక్షన్నర డిప్లొమాకు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి. ఇంటర్‌తో క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగం ఇచ్చే కంపెనీని నేను చూడలేదు. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్ లాంటి డిగ్రీ అడుగుతారు, ఆ తర్వాతే సర్టిఫికెట్ చూస్తారు. మళ్ళీ ఫోన్ చేస్తే, కిందటి బ్యాచ్‌లో ఇంటర్‌తో చేరి ఉద్యోగం వచ్చినవాళ్ళ ఆఫర్ లెటర్లు చూపించమనండి, 'గ్యారంటీ' అన్న మాట రసీదు మీద రాసిస్తారా అని అడగండి. సీటు బ్లాక్ చేయడానికని ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు వెనక్కి ఇమ్మని ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు.